‘చావ్’ అంటే ‘నీ బాంచెన్’: ఇటాలియన్ భాష కథలో మన యాస కథ

కమాన్‌పూర్ నుంచి మాట్లాడుతున్నా. ఇయ్యాల ముచ్చట ఇటాలియన్ భాష గురించి. బొగ్గు బాయిల కాడ కూసొని ఇటలీ ముచ్చట ఎందుకు అని మీకు అనిపించొచ్చు. రెండు కారణాలున్నాయి.

ఒకటి, పొద్దున లేస్తే మన నోట్లో ఇటలీ గడ్డ మీద పుట్టిన మాటలు ఎన్ని తిరుగుతున్నాయో మనకే తెలియదు. రెండోది అసలు కారణం. మన పిల్లలు హైదరాబాద్ పోయి ఇంటర్వ్యూలో కూర్చుంటే నోరు తెరవడానికి జంకుతున్నారు. ఇంగ్లీషు రాక జంకుతున్నారంటే అర్థం చేసుకోవచ్చు. తెలుగులో మాట్లాడమన్నా జంకుతున్నారు. ‘నా తెలుగు మంచిది కాదు సార్’ అంటున్నారు. ఇదే జంకు ఒకప్పుడు ఇటలీలో ఊరూరా ఉండేది. వాళ్ళకు అది ఎట్లా వచ్చింది, దాంతో వాళ్ళు ఏం చేశారు అన్నది తెలుసుకుంటే మన సంగతి మనకు తేటగా కనబడుతుంది. అందుకే ఈ ఎపిసోడ్.

బాయి మీది మాటలు

ముందు మన పక్కన్నే ఉన్న సెంటినరీ కాలనీ నుంచి మొదలుపెడదాం. లాటిన్‌లో ‘కెంతుమ్’ అంటే వంద. ఇటాలియన్‌లో అదే ‘చెంతొ’ అయింది. సెంటినరీ అంటే నూరేళ్ళ పండుగ. ఇక ‘కొలోనియా’ అన్నది కూడా లాటిన్ మాటే. ‘కొలోనుస్’ అంటే సేద్యం చేసేవాడు. అట్లాంటివాళ్ళు పోయి స్థిరపడిన చోటు కొలోనియా. అంటే ‘సెంటినరీ కాలనీ’ అని మనం ఆటో ఆయనకు చెప్పినప్పుడల్లా, రెండు వేల ఏండ్ల కింద రోమ్‌లో మాట్లాడిన భాషలోవి రెండు మాటలు పలుకుతున్నాం అన్నమాట.

ఇంకా చూడండి. మన దగ్గర సింగరేణి అనే బదులు ‘కంపెనీ’ అంటారు. ‘మా నాయిన కంపెనీల చేసిండు.’ లాటిన్‌లో ‘పానిస్’ అంటే రొట్టె, ఇటాలియన్‌లో ‘పానె’. కలిసి రొట్టె పంచుకునేవాళ్ళ గుంపే కంపెనీ. ఇటాలియన్‌లో ‘కొంపఞ్ఞీయా’. మనకైతే ఒక్క కంచంల తిన్నోళ్ళు అన్నట్టు. ‘మస్టర్ పడ్డదా?’ అని అడుగుతాం కదా, ఆ మస్టర్ లాటిన్‌లో చూపించు అనే మాట నుంచి వచ్చింది. ఇటాలియన్‌లో ఇప్పటికీ ‘మొస్త్రారె’ అంటే చూపించడం. వచ్చిన, ఇగో ఉన్న అని మొఖం చూపించడమే మస్టర్. ‘డ్యూటీ’కి వేరు లాటిన్‌లో బాకీ ఉండడం అనే మాట. ‘బోనస్’ అంటే లాటిన్‌లో మంచిది అని అర్థం. ఇటాలియన్‌లో అదే ‘బువోనొ’. బోనస్ పడ్డ రోజు మంచి రోజే కదా.

వీటిలో చాలావరకు ఇటలీ నుంచి నేరుగా మనకు రాలేదు. లాటిన్ నుంచి ఫ్రెంచికి, ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు వాళ్ళ వెంట మన గనులకు వచ్చాయి. అచ్చంగా ఇటాలియన్‌లో రూపం కట్టుకొని లోకమంతా తిరిగిన మాటలు వేరే ఉన్నాయి. ‘క్యాంటీన్’ అట్లాంటిదే. ఇటాలియన్‌లో ‘కాంతీనా’ అంటే సరుకు దాచుకునే భూగర్భపు గది. ‘బ్యాంకు’ అంటే మొదట్లో డబ్బులు మార్చేవాళ్ళు ముందు వేసుకొని కూర్చున్న బల్ల. ‘మలేరియా’ అంటే ‘మాలా ఆరియా’, చెడ్డ గాలి. దోమ సంగతి తెలియక ముందు, చిత్తడి నేలల గాలితోనే ఆ జ్వరం వస్తుందని అనుకునేవాళ్ళు. కరోనా రోజుల్లో మనకు బాగా అలవాటైన ‘క్వారంటైన్’లో ఉన్నది ‘క్వరాంతా’, అంటే నలభై. వెనిస్ రేవులో ఓడలను నలభై రోజులు ఆపిన లెక్క అది.

రోమ్‌తో మన ప్రాంతానికి పరిచయం కొత్తది కూడా కాదు. మన పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ నాణేలు కూడా దొరికాయి. లాటిన్ అక్షరాలున్న నాణేలు అప్పుడే ఇక్కడిదాకా వచ్చాయి.

లాటిన్ ఇటాలియన్ ఎట్లయింది?

దీన్ని అర్థం చేసుకోవడానికి తెలుగువాళ్ళకు ఒక వసతి ఉంది. మనం బడిలో ప్రకృతి, వికృతి చదువుకున్నాం. భక్తి, బత్తి. శక్తి, సత్తి. అగ్ని, అగ్గి. ఇక్కడ ఏం జరుగుతుంది? రెండు వేర్వేరు హల్లులు కలిసి ఉన్నచోట నాలుక ఒకదాన్ని వదిలేసి రెండోదాన్ని ఒత్తుతుంది. ‘క్తి’ పోయి ‘త్తి’ వస్తుంది.

లాటిన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ఎనిమిదికి లాటిన్ మాట ‘ఒక్తో’, ఇటాలియన్ మాట ‘ఒత్తొ’. ‘చేసినది’ అనే అర్థంలో ‘ఫక్తుమ్’ ఉంటే, అది ‘ఫత్తొ’ అయింది. రాత్రికి ‘నొక్తెమ్’ అనేది ‘నొత్తె’ అయింది. పాలకు ‘లక్తెమ్’ అనేది ‘లత్తె’ అయింది. కాఫీ షాపుల్లో ‘లాటె’ అని అమ్మేది ఈ లత్తెనే. చివర ఉన్న ‘మ్’ కూడా రాలిపోయింది, అచ్చు మిగిలింది. అందుకే ఇటాలియన్ మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి.

ఏడు అంకె చూడండి. లాటిన్‌లో ‘సెప్తెమ్’, ఇటాలియన్‌లో ‘సెత్తె’. సంస్కృతంలో ‘సప్త’, ప్రాకృతంలో ‘సత్త’. శాతవాహన రాజు హాలుడి పేరున ఉన్న గాథాసప్తశతికి ప్రాకృతంలో అసలు పేరు ‘గాహా సత్తసఈ’. సప్త అక్కడ సత్త అయింది. సంస్కృతం, లాటిన్ ఒకే కుటుంబపు భాషలు గనుక సప్త, సెప్తెమ్ చుట్టాలే. తెలుగు ఆ కుటుంబం కాదు, ద్రావిడ భాష, మనకు ఏడు అంటే ఏడే. కానీ నాలుక నడిచే తొవ్వ మాత్రం అన్ని దేశాల్లో ఒకే తీరుగా ఉంది.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. ‘బత్తి’ అన్నవాడు చదువు రానివాడు అనుకుంటాం. రోమ్‌లో కూడా ‘ఒత్తొ’ అన్నవాణ్ణి చూసి పండితులు అట్లనే అనుకొని ఉంటారు. ఆ చదువు రానివాళ్ళ మాటే తర్వాత ఒక దేశపు భాష అయింది.

ఇటాలియన్ నేర్చుకునే ఇంగ్లీషువాళ్ళు ఈ ఒత్తుల దగ్గరే తడబడతారు. ‘పాలా’ అంటే చెమ్మస్ లాంటి పార, ‘పల్లా’ అంటే బంతి. ‘నోనొ’ అంటే తొమ్మిదోది, ‘నొన్నొ’ అంటే తాత. మనకు ఆ కష్టం లేదు. గడి వేరు, గడ్డి వేరు అని ఉగ్గుపాల నాడే తెలుసు.

మొదటి రాత ఒక భూమి కేసు

సరే, ఈ జనం మాట మొదట కాగితం మీదికి ఎప్పుడు ఎక్కింది? 960లో. దక్షిణ ఇటలీలో కాపువా అనే ఊళ్ళో. కవిత్వం కాదు, భూమి తగాదా. మోంతె కస్సీనో మఠానికీ ఒక భూస్వామికీ మధ్య పంచాయితీ. తీర్పు అంతా లాటిన్‌లో రాశారు. సాక్షుల వాంగ్మూలం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఈ హద్దుల్లోని భూమి ముప్పై ఏండ్లుగా మఠం చేతిలోనే ఉందన్న మాటను జనం మాట్లాడే భాషలోనే రాశారు. సాక్షి ఏమన్నాడన్నది ముఖ్యం గదా మరి. ఇటాలియన్ చరిత్ర పుస్తకాలు సాధారణంగా ఇక్కడి నుంచే మొదలవుతాయి.

అదే 10వ శతాబ్దంలో మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు ఒక శాసనం చెక్కించాడు. సంస్కృతం, కన్నడంతో పాటు అందులో తెలుగు కంద పద్యాలున్నాయి. నన్నయ కంటే ముందటివి. వాళ్ళు కాపువా కాగితాన్ని ఎంత గౌరవంగా చూసుకుంటారో, మనం ఆ గుట్టను అంత గౌరవంగా చూసుకోవాలె.

ఒక ఊరి మాట దేశం మాట ఎట్లయింది?

ఇక్కడి నుంచి కథ అసలు మలుపు తిరుగుతుంది. ఇటలీ అప్పుడు ఒక దేశం కాదు. మిలాన్, వెనిస్, ఫ్లోరెన్స్, నేపుల్స్, సిసిలీ, ఎక్కడి రాజ్యం అక్కడ, ఎక్కడి మాట అక్కడ. ఇవన్నీ లాటిన్ బిడ్డలే, అక్కచెల్లెండ్లు. ఒకటి ఇంకోదానికి చెడిపోయిన రూపం కాదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. నేపుల్స్ మాట అంటే ఇటాలియన్‌ను తప్పుగా మాట్లాడడం అనుకుంటారు. కాదు. నేపుల్స్ మాట నేరుగా లాటిన్ నుంచి వచ్చింది, ఫ్లోరెన్స్ మాట వచ్చినట్టే.

మరి ఫ్లోరెన్స్ మాటకే పట్టం ఎందుకు కట్టారు? ముగ్గురు రచయితల వల్ల. దాంతె, పెత్రార్కా, బొక్కాచ్చొ. దాంతె 1265లో ఫ్లోరెన్స్‌లో పుట్టాడు. 1302లో ఊరి రాజకీయాల్లో వెలివేస్తే, మళ్ళీ ఊరి మొఖం చూడకుండానే 1321లో రవెన్నాలో పోయాడు. పండితులంతా లాటిన్‌లో రాస్తుంటే ఆయన తన మహాకావ్యం ‘దివ్య ప్రహసనం’ తల్లి భాషలో రాశాడు. మనకు పాల్కురికి సోమనాథుడు జాను తెనుగు అని పట్టుబట్టినట్టు. తమాషా ఏంటంటే, అంతకుముందు ఇటలీ మాటల మీద రాసిన లాటిన్ పుస్తకంలో ఆయన 14 ప్రాంతాల యాసలను లెక్కపెట్టి, ఏదీ పూర్తిగా పనికిరాదని తేల్చాడు. తన ఫ్లోరెన్స్ మాటను కూడా వదలలేదు.

ఆ తర్వాత రెండు వందల ఏండ్లకు, 1525లో, బెంబొ అనే పండితుడు ఒక పుస్తకం అచ్చు వేశాడు. పద్యం రాయాలంటే పెత్రార్కా లాగా, వచనం రాయాలంటే బొక్కాచ్చొ లాగా రాయాలని తీర్మానం. అంటే ఎప్పుడో పోయిన వాళ్ళ భాషే ప్రమాణం. ఈ బెంబొది ఫ్లోరెన్స్ కూడా కాదు, వెనిస్. 1583లో ఫ్లోరెన్స్‌లో ‘క్రుస్కా’ అకాడమీ పుట్టింది. క్రుస్కా అంటే పొట్టు. వాళ్ళ గుర్తు పిండి జల్లించే యంత్రం. పొట్టు తీసేసి మంచి పిండి మిగుల్చుతామని వాళ్ళ ఉద్దేశం. 1612లో వాళ్ళ నిఘంటువు వచ్చింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఏది పిండి, ఏది పొట్టు అని ఎవరు చెప్పాలి? జల్లెడ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు. మనకు కూడా 1858లో చిన్నయ సూరి బాలవ్యాకరణం వచ్చింది. ఆ తర్వాత గ్రాంథికమే భాష అన్నవాళ్ళతో గిడుగు రామమూర్తి ఎంత కొట్లాడవలసి వచ్చిందో మనకు తెలుసు. గిడుగు గెలిచాడు. జనం మాట రాతలోకి వచ్చింది. కానీ ఏ జనం మాట? పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా నిలబడింది కోస్తా జిల్లాల చదువుకున్నవాళ్ళ మాట. మన ‘పోయిన, వచ్చిన’ జల్లెడలో పైనే మిగిలిపోయాయి.

ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్

తెలుగును ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అన్నారని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ మాట అన్నది నికొలొ కాంటి అని చెబుతారు. 15వ శతాబ్దంలో విజయనగరం చూసిపోయిన వ్యాపారి. అయితే ఆయన ప్రయాణాల కథను రాసింది ఆయన కాదు. ఆయన చెబితే పోజ్జొ అనే పండితుడు లాటిన్‌లో రాశాడు. తెలుగు గురించి ఈ పోలిక ప్రచారంలోకి వచ్చింది 19వ శతాబ్దపు ఇంగ్లీషు పుస్తకాలతో.

ఇంకో చిక్కు ఉంది. కాంటిది వెనిస్ పక్కన కియొజ్జా. వెనిస్ మాటలో చాలా పదాలకు చివరి అచ్చు ఉండదు. రొట్టెకు ఫ్లోరెన్స్‌లో ‘పానె’ అంటే వెనిస్‌లో ‘పాన్’. చెయ్యికి ‘మానొ’ అంటే వాళ్ళకు ‘మాన్’. అంటే అజంత భాష అని మనల్ని మెచ్చుకున్నాడని మనం చెప్పుకునే మనిషి ఇంట్లోనే అచ్చులు రాలిపోయిన భాష ఉండేది. కాబట్టి ఆ పోలిక సరిపోయేది ఫ్లోరెన్స్ నుంచి వచ్చిన రాత భాషకు. మనం కూడా ‘పుస్తకము’ అని రాసే రోజులు పోయి ‘పుస్తకం’ అంటున్నాం గదా. బతికున్న మాట ఎక్కడైనా ఇట్లనే ఉంటుంది.

వెనిస్ పేరు వచ్చింది గనుక ఇంకో ముచ్చట. ఇటాలియన్‌లో లోకమంతా తెలిసిన మాట ఏది? ‘చావ్’. కలిసినప్పుడు, విడిపోయేటప్పుడు చెప్పుకునే పలకరింపు. మన చెవికి ‘చావు’ అన్నట్టు వినిపించి నవ్వొస్తది. ఇది ఫ్లోరెన్స్ మాట కాదు, వెనిస్ యాస. అసలు రూపం ‘స్-చావొ’, బానిస అని అర్థం. ‘మీ బానిసను’ అని వంగి చెప్పే దండం అది.

తెలంగాణల దీనికి అనువాదం అక్కరలేదు. ‘నీ బాంచెన్, కాల్మొక్త’. బాంచెన్ అంటే బానిసే. దొరల గడీ ముందట మన తాతలు తల వంచి అన్న మాట అది. ఆ మాట అననని తల ఎత్తినందుకు ఈ గడ్డ మీద ఎన్ని ప్రాణాలు పోయాయో మనకు తెలుసు. ఇటలీలో ఆ మాట నుంచి బానిసతనం కాలంతో పాటు అరిగిపోయి, దోస్తుల పలకరింపు మిగిలింది. మన దగ్గర కూడా ఇయ్యాల దోస్తులు ‘నీ బాంచెన్, ఇగ ఆపు రా’ అని ఎగతాళికి అనుకుంటున్నారు. కానీ మన తాతల చెవుల్లో అది ఇంకా అరగలేదు.

నూటికి ఇద్దరు ముగ్గురు

1861లో ఇటలీ ఒక రాజ్యం అయింది. అప్పుడు ఇటాలియన్ మాట్లాడగలిగినవాళ్ళు ఎంతమంది? తుల్లియొ దె మౌరొ అనే భాషా చరిత్రకారుడు 1963లో లెక్క తేల్చాడు. నూటికి రెండున్నర మంది. తర్వాత కాస్తెల్లాని అనే ఆయన ఇంకో తీరుగా లెక్కగట్టి సుమారు పది మంది అన్నాడు. ఎట్లా చూసినా, దేశం వచ్చింది గానీ దేశ భాష జనం నోట్లో లేదు. అప్పటికి నూటికి సుమారు 75 మందికి చదువే రాదు.

మిలాన్ రచయిత మాంజొని సంగతి చూడండి. 1827లో పెద్ద నవల అచ్చేశాడు, పేరొచ్చింది. అయినా తృప్తి లేదు. ఫ్లోరెన్స్ పోయి అక్కడి మాట విని, నవలంతా తిరగరాసి 1840లో మళ్ళీ అచ్చు వేయడం మొదలుపెట్టాడు. ఫ్లోరెన్స్‌లో పారే ఆర్నొ నదిలో బట్టలు జాడించుకొచ్చాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత పెద్ద రచయితకే తన ఇంటి మాట మీద నమ్మకం చాలలేదు.

ఇక మనలాంటివాళ్ళ సంగతి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1946లో ఇటలీ, బెల్జియం ఒప్పందం చేసుకున్నాయి. ఇటలీ కూలీలను పంపాలి, బెల్జియం బొగ్గు ఇవ్వాలి. తలా ఇంత బొగ్గు లెక్కన మనుషులు పోయారు. దక్షిణాది పల్లెల నుంచి, ఉత్తరాది కొండల నుంచి పోయినవాళ్ళు ఒకే బాయిలో దిగారు. ఒకరి ఇంటి మాట ఇంకొకరికి సరిగ్గా అర్థం కాదు. 1956 ఆగస్టు 8న మార్సినెల్ గనిలో మంటలు అంటుకొని 262 మంది చనిపోయారు. అందులో 136 మంది ఇటలీవాళ్ళు. బాయి మీది కుటుంబాలకు ఈ అంకె ఏంటో నేను విడమర్చి చెప్పక్కరలేదు.

బొగ్గు మన దగ్గర కూడా భాషలను కలిపింది. కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్, కోస్తా జిల్లాలు, మహారాష్ట్ర, ఉత్తరాది, అన్ని దిక్కుల మాటలు గోదావరిఖనిలో ఒకే షిఫ్టులో కలిశాయి. కింద భూమిలో ‘పైకప్పు పడుతుంది’ అని ఎవరైనా అరిస్తే, ఏ యాసలో అరిచాడని ఎవరూ చూడరు.

బార్బియానా పిల్లలు

చివరగా ఒక బడి. ఫ్లోరెన్స్ పక్క కొండల్లో బార్బియానా అనే చిన్న పల్లె. అక్కడ లొరెంజొ మిలాని అనే పాదిరి రైతుల పిల్లలకు బడి పెట్టాడు. వాళ్ళు సర్కారు బడుల్లో ఫెయిలై వచ్చిన పిల్లలు. 1967లో ఆ పిల్లలంతా కలిసి ఒక పంతులమ్మకు ఉత్తరం రూపంలో పుస్తకం రాశారు. దాని సారం ఇది: బడి పేదవాళ్ళ పిల్లలనే వడపోసి పక్కకు పెడుతోంది, అందులో భాష పెద్ద ఆయుధం. ప్రామాణిక భాష పుట్టింది ఆ ప్రాంతంలోనే. ఆ ప్రాంతపు పేద పిల్లలు కూడా ఆ భాషలోనే ఫెయిలయ్యారు. అంటే సంగతి యాసది కాదు. ఎవరి ఇంట్లో పుస్తకాలున్నాయి, ఎవరి మాట విని బడి తల ఊపుతుంది అన్నదే సంగతి.

మిలాని పిల్లలకు ప్రామాణిక భాష వద్దని చెప్పలేదు. ఇంకా ఎక్కువ నేర్పాడు. పత్రిక చదివి ఒక్కో మాటకు అర్థం విప్పి చెప్పించాడు. ఎక్కువ మాటలు వచ్చినవాణ్ణి ఎవరూ మోసం చేయలేరని ఆయన నమ్మకం. అదే రోజుల్లో, 1960 నుంచి 1968 దాకా, అల్బెర్తొ మాంజి అనే పంతులు టీవీలో పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పాడు. ఆ కార్యక్రమం పేరుకు అర్థం, ‘ఎప్పుడూ ఆలస్యం కాలేదు’ అని.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. ప్రామాణిక భాష అంటే అదృష్టం కలిసొచ్చిన ఒక ఊరి ఇంటి మాట. దాన్ని నేర్చుకోవాలె, దరఖాస్తుకు, పరీక్షకు, కోర్టుకు అది కావాలె. కానీ ‘నేను పోయిన’ అన్న పిల్లకు ‘అది తప్పు’ అని చెప్పకండి. ‘పుస్తకంలో వెళ్ళాను అని రాస్తారు, ఇంట్లో పోయిన అంటాం, రెండూ తెలుగే’ అని చెప్పండి. ఈ రెండు మాటలకూ ఎంత తేడా ఉందో ఆ పిల్ల ఇంటర్వ్యూ గదిలో కూర్చున్న రోజు తెలుస్తుంది. 2014 నుంచి కాళోజీ పుట్టిన రోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినంగా జరుపుకుంటున్నాం. ఆ ఒక్క రోజు దండ వేస్తే సరిపోదు.

ఒక పని కూడా చెబుతా. తట్ట, చెమ్మస్ పట్టి టబ్బులు నింపిన కోల్ ఫిల్లర్ల తరం వెళ్ళిపోతోంది. మిషన్లు వచ్చాయి, ఆ పనితో పాటు ఆ మాటలూ పోతున్నాయి. మీ ఇంట్లో దిగిపోయిన కార్మికుడు ఉంటే, ఒక సాయంత్రం ఫోన్ రికార్డింగ్ పెట్టి, బాయిల ఏ సామాను ఏమనేటోళ్ళు అని అడగండి. రాసి మాకు పంపండి. వచ్చిన మాటలతోనే ఒక ఎపిసోడ్ చేద్దాం.

వచ్చే వారం ‘బాయి’ అనే మాట మీదనే మాట్లాడుకుందాం. నీళ్ళ బాయికీ బొగ్గు బాయికీ ఒకే పేరు ఎందుకు పడ్డదో చూద్దాం. అప్పటిదాకా సెలవు. ఉంట మరి.